షుగర్ బిళ్ళ ఎక్కడ అతుక్కుంటుంది, ఏఎంపీకే ఎట్టా మేలుకుంటుంది

నెల్లూరు పొగతోటలో సాయంత్రం పూట ఏదో ఒక మెడికల్ షాపు ముందు పది నిమిషాలు నిలబడితే చాలు, మెట్‌ఫార్మిన్ 500 రెండు షీట్లు అన్న మాట ఒక్కసారన్నా చెవిన పడుతుంది, కొందరైతే పేరు కూడా చెప్పరు, పాత షీటు చింపిన ముక్క జేబులోంచి తీసి ఇదే ఇవ్వబ్బయా అంటారు. ఆ బిళ్ళ ఒంట్లో ఏం చేస్తుంది అని ఫోన్లో వెతికితే ఎక్కువసార్లు కనపడేది ఒకటే మాట: ఏఎంపీకే అనే ఎంజైమ్‌ని ఆన్ చేస్తుంది. పక్కన ఒక స్విచ్చి బొమ్మ, లేకపోతే తాళంకప్పలో తాళంచెవి బొమ్మ.

ఆ బొమ్మతోనే వచ్చింది చిక్కంతా. మెట్‌ఫార్మిన్ ఏఎంపీకేకి అసలు అతుక్కోదు. అది అతుక్కునే చోటు వేరే ఉంది, దాని ప్రభావం ఇంకో దారిలో తిరిగి తిరిగి ఏఎంపీకే దాకా వస్తుంది. మరి ఏఎంపీకేకి నేరుగా అతుక్కునే మందులు లేవా అంటే ఉన్నాయి, చానా గట్టివే ఉన్నాయి, కానీ అవేవీ పొగతోట షాపులో దొరకవు. ఎందుకు దొరకవో అర్థం కావాలంటే ఒక చిన్న మాలిక్యూల్ ఒక పెద్ద ఎంజైమ్ కాంప్లెక్స్ మీద ఏ గూట్లో కూర్చుంటుంది, కూర్చుంటే ఏం కదులుతుంది అనేది కాస్త దగ్గరగా చూడాలి.

ముందు కాంప్లెక్స్ సంగతి. ఏఎంపీకే ఒక్క ప్రోటీన్ కాదు, మూడు ప్రోటీన్ ముక్కలు కలిసి ఒకటిగా పనిచేసే సెట్టు. ఆల్ఫా ముక్క పని చేసేది, అంటే వేరే ప్రోటీన్ల మీద ఫాస్ఫేట్ ముద్ర కొట్టేది అదే. గామా ముక్క కనిపెట్టి చూసేది. బీటా ముక్క ఈ రెండిట్నీ కట్టిపడేసే తాడు లాంటిది, దానికి గ్లైకోజెన్‌ని పట్టుకునే చెయ్యి కూడా ఒకటుంది, గ్లైకోజెన్ అంటే ఒంట్లో గ్లూకోజ్ నిలవ ఉండే రూపం. మన ఒంట్లో ఆల్ఫాలు 2 రకాలు, బీటాలు 2, గామాలు 3, కలిపితే 12 రకాల సెట్లు తయారవుతాయి, లివర్లో ఒకటి ఎక్కువ, కండలో ఇంకోటి ఎక్కువ, గుండెలో ఇంకోటి. ఈ 12 అన్న అంకె గుర్తుంచుకోవాలి, తర్వాత పనికొస్తుంది. 1973లో రెండు వేరు వేరు టీములు కొలెస్టరాల్ తయారుచేసే ఎంజైమ్‌నీ, కొవ్వు తయారుచేసే ఎంజైమ్‌నీ ఆపేది ఏదో ఉందని చెరొకవైపు నుంచి పట్టుకున్నాయి, ఆ రెండూ ఒకటేనని తేలడానికి చానా ఏళ్ళు పట్టింది.

ఇది చేసే పని చెప్పాలంటే నెల్లూరోళ్ళకి పెద్దగా వివరించక్కర్లేదు. సోమశిలలో 78 టీఎంసీలు పడతాయి, కండలేరులో 68. ఏటా రబీ ముందు ఐఏబీ, అంటే సాగునీటి సలహా మండలి, మీటింగు పెట్టి రిజర్వాయర్లో ఎంత నీళ్ళున్నాయో చూసి ఎన్ని ఎకరాలకి ఇవ్వగలమో తేలుస్తారు, నీళ్ళు చాలకపోతే రెండో పంట ఎడగారుకి లేవు అంటారు, తాగునీళ్ళు మాత్రం ముందు పక్కన పెడతారు. తర్వాత కాలవ మీద లష్కరు షట్టరు దించుతాడు. సెల్లులో ఏఎంపీకే అట్టాంటిదే. సెల్లు దగ్గర శక్తి తగ్గిందని తెలియగానే కొవ్వు తయారీ ఆపు, కొలెస్టరాల్ తయారీ ఆపు, కొత్త ప్రోటీన్లు కట్టే పని తగ్గించు, ఉన్న కొవ్వుని కాల్చు, బయట రక్తంలో ఉన్న గ్లూకోజ్‌ని లోపలికి లాగు, పాత సామాను విరిచి వాడుకో అని ఒకదాని తర్వాత ఒకటి ముద్రలు కొడుతూ పోతుంది.

అయితే నీళ్ళు తగ్గాయని దానికి ఎట్టా తెలుస్తుంది? అసలు అందం ఇక్కడే ఉంది.

సెల్లుకి శక్తి అంటే ఏటీపీ. ఈ ఏటీపీని కండలోంచి బయటికి తీసి చూపించిన వాళ్ళలో మనోడు ఉన్నాడు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో, అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ విడిగా. ఏటీపీలో మూడు ఫాస్ఫేట్లు, ఒకటి ఖర్చయితే ఏడీపీ, రెండు పోతే ఏఎంపీ. మామూలుగా సెల్లులో ఏటీపీ 100 ఉంటే ఏడీపీ దాదాపు 10, ఏఎంపీ దాదాపు 1 ఉంటాయనుకోవచ్చు. ఇప్పుడు పని ఎక్కువై ఏటీపీ 100 నించి 90కి పడింది అనుకుందాం. పది శాతం తగ్గడం పెద్ద లెక్క కాదు, దాన్ని కొలిచే సెన్సర్ పెడితే అది సరిగ్గా పట్టుకోలేదు కూడా. కానీ సెల్లులో అడినైలేట్ కైనేజ్ అని ఒక ఎంజైమ్ ఉంది, అది రెండు ఏడీపీలు తీసుకుని ఒక ఏటీపీ, ఒక ఏఎంపీ చేస్తుంది, అంటే చిల్లర రెండు జేబుల్లోది ఒక జేబులో పోసి నోటు చేసినట్టు. ఆ లెక్క సరిచూస్తే ఏటీపీ 90 అయ్యేసరికి ఏడీపీ 17.6 దగ్గరికీ ఏఎంపీ 3.4 దగ్గరికీ వస్తాయి. ఇంకో పది పడి 80 అయితే ఏఎంపీ 7 దాటుతుంది. ఏటీపీ ఐదోవంతు తగ్గింది, ఏఎంపీ ఏడు రెట్లు పెరిగింది! అందుకే ఏఎంపీకే ఏటీపీని ఒక్కదాన్నే చూస్తూ కూర్చోకుండా ఏఎంపీని పట్టుకుంటుంది. డ్యాములో నీళ్ళు ఒక అడుగు దిగితే గట్టు మీద నిలబడినోడికి తెలియకపోవచ్చు, చివరి తూముకి మాత్రం వెంటనే తెలుస్తుంది.

ఇక గామా ముక్కలోకి పోదాం. దానిలో గోడలో దీపం గూళ్ళలాగా నాలుగు గూళ్ళు ఉన్నాయి. ఒకటి ఖాళీగా ఉంటుంది. ఇంకోదాంట్లో ఏఎంపీ గట్టిగా పాతుకుని కూర్చుని ఉంటుంది, అంత తేలిగ్గా లేవదు. మిగిలిన రెండిట్లోనే రద్దీ. ఆ రెండు గూళ్ళ కోసం ఏటీపీ, ఏడీపీ, ఏఎంపీ మూడూ పోటీ పడతాయి, ఎవరు ఎక్కువ ఉంటే వాళ్ళు కూర్చుంటారు. ఏటీపీ మందలో ఎప్పుడూ ఎక్కువే గదా, మరి ఏఎంపీకి చోటెట్టా దొరుకుతుంది అని అనుమానం రావాలి, రావడం మంచిదే. సెల్లులో ఏటీపీ ఎక్కువ భాగం మెగ్నీషియంని తగిలించుకుని తిరుగుతుంది, ఈ గూళ్ళకి అట్టాంటిది అంతగా నచ్చదు, ఉత్త ఏటీపీనే కావాలి. దాంతో పోటీ చాలావరకు సమానమవుతుంది.

ఏఎంపీ గూట్లో కూర్చోగానే మూడు పనులు అవుతాయి. ఆల్ఫా ముక్క మీద 172వ చోట థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం ఉంది, అక్కడ ఫాస్ఫేట్ పడితేనే ఆల్ఫా నిజంగా లేచి పనిచేస్తుంది, ఆ ఫాస్ఫేట్ ఒక్కటే పనిని వంద రెట్లకి పైగా పెంచుతుంది. ఎల్‌కేబీ1 అనే ఇంకో ఎంజైమ్ ఆ ఫాస్ఫేట్ వేస్తుంది. ఏఎంపీ కూర్చుంటే ఎల్‌కేబీ1కి ఆ పని తేలికవుతుంది, ఇది ఒకటి. వేసిన ఫాస్ఫేట్‌ని పీకేసే ఎంజైమ్‌లు చుట్టూ తిరుగుతుంటాయి, గామాలో ఏఎంపీ ఉన్నంతసేపూ కాంప్లెక్స్ ముడుచుకుని ఆ 172ని కప్పి కాపాడుతుంది, ఇది రెండోది. మూడోది, ఫాస్ఫేట్ ఉన్న ఎంజైమ్‌నే ఇంకా వేగంగా పరిగెత్తిస్తుంది. ఏడీపీ కూర్చుంటే కాపలా పని జరుగుతుంది గానీ మూడోది జరగదు. ఏటీపీ కూర్చుంటే మూడూ పోతాయి. గామా ఒక చివర, 172 ఇంకో చివర, మధ్యలో ఆల్ఫాలోనే ఉన్న వంగే పట్టీ ఒకటి గామాని తడిమి చూసి ఏఎంపీ ఉందా లేదా అనే కబురు ఇవతలికి మోస్తుంది. తాళంచెవి బొమ్మ ఇక్కడ పనికిరాదని చెప్పేది అందుకే, తాళంచెవి తిప్పిన చోటే తలుపు తెరుచుకుంటుంది, ఇక్కడ గూడు ఒక మూల, పని ఇంకో మూల. అల్లోస్టెరీ అని పుస్తకాల్లో రాసేది ఇదే.

ఇదంతా ఒంట్లో సొంతంగా ఉన్న మాలిక్యూల్స్ ఆట. మందులోళ్ళు దీంట్లో చెయ్యి పెట్టాలని చూసినప్పుడు మొదట తట్టిన దారి, ఏఎంపీకి నకలు చెయ్యడం. ఐకార్ అనే మందు సెల్లులోకి పోయాక ఒక ఫాస్ఫేట్ తగిలించుకుని జడ్‌ఎంపీగా మారి అచ్చం ఏఎంపీలాగా గామా గూళ్ళలో కూర్చుంటుంది. 2008లో ఎలకలకి నాలుగు వారాలు ఇస్తే ఎక్సర్‌సైజు లేకుండానే 44 శాతం ఎక్కువసేపు పరిగెత్తాయి, పేపర్లన్నీ బిళ్ళలో వ్యాయామం అని రాశాయి, ఆటగాళ్ళు వాడకూడని మందుల లిస్టులో దాన్ని చేర్చాల్సి వచ్చింది. అయితే ఏఎంపీకి నకలు అయినందుకు ఏఎంపీ వినే మిగతా ఎంజైమ్‌లన్నీ కూడా దీన్ని వింటాయి, ఒకరిని పిలిస్తే పదిమంది పలికినట్టు. మందుగా అది కుదరలేదు.

రెండో దారి ఎక్కువ ముచ్చటగా ఉంటుంది. 2006లో ఒక అమెరికా మందుల కంపెనీ పరిశోధకులు ఏ-769662 అనే మాలిక్యూల్‌ని బయటపెట్టారు, అది ఏఎంపీకేని బాగా లేపుతుంది, కానీ గామాలో ఏఎంపీ గూటి జోలికే పోదు. 2013లో ఏఎంపీకే ఆకారాన్ని దగ్గరగా చూపించే క్రిస్టల్ నిర్మాణాలు వచ్చాక చూస్తే, ఆల్ఫాలో ముద్ర కొట్టే భాగానికీ బీటాలో గ్లైకోజెన్ పట్టుకునే చెయ్యికీ మధ్య సందులో అది దూరి కూర్చుంది. అక్కడ గూడు ఉందని అంతకుముందు ఎవరూ కళ్ళారా చూడలా. ఆ సందుకి ఏడ్యామ్ సైట్ అని పేరు పెట్టారు. మందు దూరితే బీటా చెయ్యి, ఆల్ఫా రెండూ గట్టిగా అతుక్కుని 172ని అదే కాపాడుతుంది, గామా నుంచి కబురు రాకపోయినా సరే. డ్యాములో నీళ్ళు నిండుగా ఉన్నా లష్కరు షట్టరు దించేశాడన్నమాట.

మరి ప్రకృతి ఇట్టాంటి గూడు ఊరికే ఎందుకు పెడుతుంది? 2012లో దీనికి ఒక ఆశ్చర్యమైన జవాబు ముక్క దొరికింది. సాలిసిలేట్, అంటే విల్లో చెట్టు బెరడులో ఉండేదానికి దగ్గర చుట్టం, ఆస్పిరిన్ ఒంట్లో విరిగితే వచ్చేది కూడా అదే, అది ఇదే సందులో కూర్చుంటుందని తేలింది. బీటా1 ముక్క లేని ఎలకల్లో సాలిసిలేట్ కొవ్వు కాల్చే పని చేయలేకపోయింది. గుండె కోసం వేసుకునే 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌తో రక్తంలో అంత సాలిసిలేట్ రాదులే, అది విని ఎవరూ డోసు పెంచుకోవద్దు. తర్వాత 2020లో అసలు ఇంటివాళ్ళే దొరికారు, కొవ్వు ఆమ్లాలు కోఎన్‌జైమ్-ఏ అనే సాయం మాలిక్యూల్‌ని తగిలించుకుని తిరిగే రూపం ఈ సందులో కూర్చుంటుంది. లెక్క సరిపోయింది గదా, కొవ్వు వచ్చి నేనొచ్చాను కాల్చండి అని కాల్చేవాడి తలుపు తడుతోంది.

ఈ ఏ-769662కీ సాలిసిలేట్‌కీ ఒక నియమం ఉంది, బీటా1 ఉన్న సెట్ల మీదే పనిచేస్తాయి, బీటా2 ఉన్నవి పట్టించుకోవు. మనిషి కండల్లో బీటా2 సెట్లే ఎక్కువ. షుగర్ వ్యాధిలో రక్తంలో గ్లూకోజ్ ఎక్కువగా లాక్కోవాల్సింది కండలే. అందుకని కంపెనీలు 12 సెట్లనీ లేపే మందు కోసం పోయాయి. ఎంకే-8722 అట్టా వచ్చిందే, 2017లో. ఎలకల్లో, కోతుల్లో రక్తం షుగర్ బ్రహ్మాండంగా దిగింది, కండలు గ్లూకోజ్‌ని మింగేశాయి. దాంతోపాటు గుండె బరువు పెరిగింది, గుండెలో గ్లైకోజెన్ పేరుకుంది. ఆ జంతువుల్లో గుండె పనితీరులో తేడా కనపడలేదనే రాశారు, కానీ ఏళ్ళ తరబడి వాడాల్సిన షుగర్ మందుకి ఆ మాట చాలదు.

ఎవరికైనా దీంట్లో ఆశ్చర్యం కలిగిందంటే పందుల సంగతి వాళ్ళ చెవిన పడలేదన్నమాట. హాంప్‌షైర్ జాతి పందుల్లో కొన్నిటికి కండలో గ్లైకోజెన్ 70 శాతం ఎక్కువ ఉంటుంది, కోశాక మాంసం పులుపెక్కి నీరు కారిపోతుంది. దాని కారణం 2000లో పట్టుకున్నారు, గామా3 ముక్కలో ఒక్క అమైనో ఆమ్లం మారింది, అంతే. తర్వాతి ఏడాదే మనుషుల్లో గామా2లో మార్పులున్న కుటుంబాలు తెలిశాయి, వాళ్ళకి గుండె కండ మందమై గ్లైకోజెన్ నిండి గుండె కొట్టుకునే లయ తప్పుతుంది. అంటే శక్తి తగ్గకపోయినా లష్కరు ఎప్పుడూ మెలకువగా ఉంటే ఏమవుతుందో మందుకంటే ముందే జన్యువులు చూపించాయి. గ్లూకోజ్ లోపలికి వస్తూనే ఉంటుంది, అది గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ అయి గ్లైకోజెన్ తయారుచేసే ఎంజైమ్ మీద కూర్చుని దాన్ని తరుముతుంది, మళ్ళీ ఇంకో చిన్న మాలిక్యూల్ ఇంకో గూడు. నేరుగా అతుక్కునే మందు ఎంత గట్టిదైతే అంత మంచిదనే లెక్క ఇక్కడ చెల్లలా.

ఇప్పుడు మెట్‌ఫార్మిన్ దగ్గరికి రావచ్చు. గలేగా అనే మొక్కలోని పదార్థం నుంచి వచ్చిన వంశం ఇది, 1922లోనే తయారుచేశారు, 1957లో ఫ్రాన్స్‌లో జీన్ స్టెర్న్ షుగర్ పేషెంట్లకి ఇచ్చి ఫలితం రాశాడు, అమెరికాలో అనుమతి 1994లో గానీ రాలా. అప్పటికి ఇది ఎక్కడ అతుక్కుంటుందో తెలియదు. 2000లో కబురొచ్చింది, సెల్లుకి ఏటీపీ తయారుచేసే గదులైన మైటోకాండ్రియాలో కాంప్లెక్స్ 1 అని ఆ తయారీలో మొదటి మెట్టు, 45 ప్రోటీన్ ముక్కల భారీ యంత్రం, దాన్ని మెట్‌ఫార్మిన్ నెమ్మదిగా అడ్డుకుంటుందని. 2001లో ఏఎంపీకే లేస్తుందని ఇంకో కబురు. రెండూ కలిపితే వరస తేలింది. ప్లస్ ఛార్జి ఉన్న మాలిక్యూల్ కాబట్టి మైటోకాండ్రియాలో పోగవుతుంది, కాంప్లెక్స్ 1ని కాస్త నొక్కుతుంది, ఏటీపీ తయారీ కాస్త తగ్గుతుంది, ఏఎంపీ పెరుగుతుంది, గామా గూట్లో ఏఎంపీ కూర్చుంటుంది, ఏఎంపీకే లేస్తుంది. లష్కరుని ఎవరూ ముట్టుకోలేదు, డ్యాములోకి వచ్చే నీళ్ళనే కాస్త తగ్గించారు.

అయినా కథ అంత నున్నగా లేదు. 2010లో లివర్లో ఏఎంపీకే బొత్తిగా లేని ఎలకలకి మెట్‌ఫార్మిన్ ఇస్తే వాటికీ షుగర్ తగ్గింది! పెరిగిన ఏఎంపీ ఏఎంపీకే ఒక్కదానితోనే ఆగడం లేదు, లివర్లో కొత్త గ్లూకోజ్ చేసే ఎఫ్‌బీపీ1 అనే ఎంజైమ్‌కి కూడా నేరుగా అతుక్కుని దాన్ని ఆపుతుంది. 2018లో ఆ ఎంజైమ్‌లో ఏఎంపీ గూటిని పాడుచేసిన ఎలకల్లో మెట్‌ఫార్మిన్ బలం తగ్గిపోయింది. మరి ఏఎంపీకేది ఏ పాత్రా లేదా అంటే, 2013లో కొవ్వు తయారుచేసే ఎంజైమ్ మీద ఏఎంపీకే ముద్ర పడే చోటుని మార్చేసిన ఎలకల్లో మెట్‌ఫార్మిన్ ఇన్సులిన్ పనితనాన్ని బాగుచేయలేకపోయింది. అంటే పని రెండు దారుల్లో పంచుకుని జరుగుతోంది, ఒకటి తొందరగా, ఇంకోటి కొవ్వు తగ్గించుకుంటూ నిదానంగా. 2022లో చైనాలో షియామెన్ యూనివర్సిటీ వాళ్ళు ఇంకో మెలిక పెట్టారు, తక్కువ డోసులో మెట్‌ఫార్మిన్ పెన్2 అనే చిన్న ప్రోటీన్‌కి అతుక్కుని, సెల్లులో పాత సామాను విరిచే సంచి, అదే లైసోజోమ్, దాని మీద ఉండే ప్రోటాన్ పంపుని అడ్డుకుని, ఏఎంపీ పెరగకుండానే ఏఎంపీకేని లేపుతుందని. ఇది నిజమైతే ఫోన్లో కనపడే ఆ స్విచ్చి బొమ్మ ఇంకా పలచబడుతుంది.

కాంప్లెక్స్ 1ని నొక్కడం అనేది ఎంత సున్నితమైన పనో ఫెన్‌ఫార్మిన్‌ని చూస్తే తెలుస్తుంది. మెట్‌ఫార్మిన్‌కి అన్నలాంటిది, కాంప్లెక్స్ 1ని ఇంకా గట్టిగా నొక్కేది. ఏటీపీ మైటోకాండ్రియా నుంచి రాకపోతే సెల్లు గ్లూకోజ్‌ని సగం సగం కాల్చి లాక్టిక్ యాసిడ్ వదులుతుంది, ఫెన్‌ఫార్మిన్ వాడినవాళ్ళలో కొందరికి అది రక్తంలో పేరుకుని ప్రాణాల మీదికి వచ్చింది, 1970ల చివర అమెరికాలో తీసేశారు, మన దగ్గర కూడా నిషేధమే. మెట్‌ఫార్మిన్‌లో ఆ ప్రమాదం చానా తక్కువ, ఎందుకంటే నొక్కుడు మెత్తనిది, పైగా ఒంట్లో అది విరగదు, మారదు, మింగింది మింగినట్టే కిడ్నీ గుండా ఒంటేల్లో బయటికి పోతుంది.

పొద్దున కారం దోశ తిన్నాక వేసుకునే ఆ బిళ్ళకి బయటికి పోయే ముఖ్యమైన దారి అదొక్కటే. కిడ్నీ మందగిస్తే రక్తంలో మోతాదు పెరుగుతుంది, కాంప్లెక్స్ 1 మీద నొక్కుడు పెరుగుతుంది, లాక్టిక్ యాసిడ్ వైపు అడుగు పడుతుంది. కిడ్నీ వడపోత లెక్క, అదే ఈజీఎఫ్ఆర్, 30 కంటే కిందికి పోతే ఈ బిళ్ళ ఇవ్వకూడదని నియమం ఉన్నది అందుకే. వాంతులు విరేచనాలు పట్టుకుని ఒళ్ళు ఎండిపోయినప్పుడు, రంగు మందు ఎక్కించి స్కానింగ్ తీసేటప్పుడు డాక్టర్లు రెండు రోజులు ఆపమనడం, షుగర్ చూపించుకోవడానికి పోతే క్రియాటినిన్ రిపోర్టు ఏదని అడగడం, అన్నీ ఆ ఒక్క లెక్కలోవే.